కోటలో కారం

మా అక్క బడిలో చరిత్ర చెప్పేది. ఒక్క ఏడాది అటూ ఇటూ అయితే సున్నా వేసేది కాబట్టి పిల్లలు ఆమెను తేదీల టీచరమ్మ అనేవారు. రిటైరయ్యాక ఒక నవల రాసింది. శత్రువులు చుట్టుముట్టిన పాతకాలపు కోట, గోడెక్కుతున్న సైనికుల కళ్లలో కారం కొట్టి ద్వారం కాపాడిన వంటమనిషి. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఒకరోజు మా వంటింట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది. ఆ కోట కాలానికి మిరపకాయ ఇంకా సముద్రం దాటి రానేలేదు.

"ఎవరూ పట్టుకోలేదుగా," అన్నాను.

"నా పిల్లలు పట్టుకుంటారే. వాళ్ల ముందు తలెత్తుకోలేను."

రెండో ముద్రణలో కారాన్ని పొయ్యి బూడిదగా మార్చింది. నవలను సినిమాగా తీస్తున్నవాళ్లు చదివింది మాత్రం మొదటి ముద్రణ.

ఫోన్ చేస్తే ఎత్తకపోవడంతో ఇద్దరం షూటింగ్‌ దగ్గరికే బయల్దేరాం. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు బావ. ఇక్కడ దురద కందదే అని ఆయనకు ఎవరు చెప్తారు?

చెక్కతో కట్టిన కోట పక్కన ఎర్రపొడి బస్తాలున్నాయి. డైరెక్టర్ మర్యాదగా కుర్చీలు వేయించాడు.

"అందరూ నవలల్ని పాడుచేస్తారు మేడం. నేను మీ అక్షరం కూడా ముట్టుకోను."

"పాడుచేసింది నేనే బాబూ. అప్పుడు మిరపకాయ లేదు. బూడిద కొట్టించు."

"బూడిద తెరమీద మంచులా కనపడుతుంది. జనం వచ్చేదే ఆ కారం కోసం."

అక్క లేచి, బస్తాలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.

"ఇది కారం కాదే."

"నిజం కారమైతే నటుల కళ్లు పోవూ? ఇటుకపొడి."

అక్క మొహం విప్పారింది. "ఇటుకలు అప్పుడున్నాయి. అదే కొట్టనీ. ఆ వంటమనిషి కారం అనే మాట అనకుంటే చాలు. నీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే వంగింది. ఎవరినీ ఏనాడూ బతిమాలి ఎరగని మనిషి. నేను భుజం పట్టి లేపాను.

"అయ్యో, పెద్దవారు," అని ఆయన వెనక్కి జరిగాడు. "ఆ మాట పాటలో ఉంది మేడం. పాట ఎప్పుడో జనంలోకి వెళ్లిపోయింది."

"అయితే నా పేరు తీసెయ్యి."

"నాకు అర్థమైంది. మీ పేరు సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు. అక్క దారి పొడవునా ఆ మాటే పట్టుకుని వచ్చింది.

విడుదల రోజు ఇద్దరం వెనక వరసలో కూర్చున్నాం. కథ దగ్గర అక్క పేరు ఉండనే ఉంది. ఆ వెంటనే తెర నిండా, అంతకంటే పెద్ద అక్షరాల్లో, చారిత్రక వాస్తవాల పర్యవేక్షణ అని, కింద మళ్లీ అక్క పేరు.

"మన తేదీల టీచరమ్మరా," అని ముందు నుంచి ఎవరో అన్నారు. ఆ వరసంతా చప్పట్లు కొట్టింది.

అక్క గోళ్లు నా అరచేతిలో దిగాయి. ముట్టడి ఇంకా మొదలు కాలేదు.

"లేచి పోదామా?" అన్నాను.

"బడిలో తప్పు రాసినవాళ్లని దిద్దేదాకా కదలనిచ్చేదాన్ని కాదు," అంది, తెర మీంచి కళ్లు తిప్పకుండా.