ఎర్రగా కాగిన పాలు

పంతొమ్మిది వందల అరవై మూడు మాఘమాసంలో నూజివీడు డాక్టరుగారు ఒక్కటే మాట చెప్పాడు. అమ్మాయికి ఉబ్బసం, పొగ తగలనివ్వకండి అని. తిరుగు బస్సు తమ ఊరు రెడ్డిగూడెం చేరేలోపే అత్తగారు సీతారావమ్మ దోషిని తేల్చేసింది. ఇంకెవరు? పక్క తోట లక్ష్మీనరసింహారావు! మామిడి పూతకి తేనెమంచు పురుగు పట్టకుండా రోజూ పొద్దుగూకే వేళ చెట్ల కింద పచ్చి ఆకూ చెత్తా పోగేసి పొగ పెడతాడు. ఆ పొగ తిన్నగా వీళ్ల పెరట్లోకే వస్తుంది.

కోడలు హైమవతి పగలనక రాత్రనక గోడకి చేరబడి ఆయాసపడుతోంది. వాళ్ల నాన్న మొన్న వచ్చి, తగ్గకపోతే పిల్లని తీసుకుపోతానని మొహం మీదే చెప్పి వెళ్లాడు. ఆ మాట సీతారావమ్మకి మంటెత్తించింది. కోడలంటే ఆవిడకి ప్రాణం. పైకి ఎప్పుడూ అనలేదు, అంతే.

బస్సు దిగి కాళ్లయినా కడుక్కోకుండా కంచె దగ్గరకి పోయింది.

"ఏమండీ అన్నయ్యగారూ, మీ పూత నిలబడాలని మా పిల్ల ఊపిరి తీస్తారా?"

"అదేంటమ్మా! తాతల నాటి నుంచీ పెడుతున్న పొగే కదా. పూత పోతే ఏడాదంతా ఏం తినమంటావు?"

"పిల్ల పోతే ఎక్కణ్ణుంచి తెచ్చిస్తారు?"

ఆ పైన ఆవిడ తిట్టిన తిట్లకి వీధి వీధంతా బయటికొచ్చింది. ఆ నోటికి జడిసో, పిల్ల మీద జాలితోనో, ఆయన మంట మీద నీళ్లు పోయించాడు. మళ్లీ పెట్టలేదు.

వారం గడిచినా హైమవతికి ఆయాసం తగ్గలేదు.

"దొంగచాటుగా ఇంకా పెడుతూనే ఉన్నాడు!" అంటూ సీతారావమ్మ కొంగు బిగించింది. హైమవతి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆయన్ననకండి అత్తయ్యా. ఆయన పొగ పెట్టినా సాయంత్రం కాసేపే. మీ దాలి పొద్దస్తమానం."

హైమవతి గది కిటికీ కిందే దాలిగుంట. పొద్దున్నే పిడకలు పేర్చి పాలకుండ పెడితే సాయంత్రం దాకా రాజుతూనే ఉంటుంది. పాలు ఎర్రగా కాగి మందాన మీగడ కడుతుంది. ఆ మీగడ గురించి విస్సన్నపేట దాకా చెప్పుకుంటారు. అది కూడా పొగేనని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటే?" సీతారావమ్మ కోపంగా కసిరింది.

"మీ పాలని ఒక్క మాటంటే ఊరుకుంటారా మీరు?" హైమవతికీ కోపం వచ్చింది. దగ్గు తెర కమ్మి మిగతా మాట బయటికి రాలేదు.

సీతారావమ్మకి ఒళ్లు మండిపోయింది. ఈసారి తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు. కిటికీ తలుపులు మూసి, పెరట్లోకి వెళ్లి, పాలకుండ దించి, బిందెడు నీళ్లూ దాలిలో కుమ్మరించింది. పొగ గుప్పున లేచి కంచె దాటింది.

"ఏంటమ్మా ఇది?" అవతల నుంచి లక్ష్మీనరసింహారావు అరిచాడు. "నా పొగ ఆర్పించి నువ్వు పెడుతున్నావా? నా పూత ఎలా అయిందో చూశావా?"

ఆవిడ తలెత్తింది. కొమ్మకొమ్మనా పూత తేనెమంచు పట్టి జిగురుగా, నల్లగా మాడిపోయి ఉంది. వారం నుంచీ అటువైపు పొగ కోసమే కాపు కాసింది గాని పూత వంక చూడనేలేదు.

"తిట్టండి అన్నయ్యగారూ," అంది ఖాళీ బిందె పట్టుకుని. "నేను మిమ్మల్ని తిట్టిన తిట్లన్నీ తిట్టండి."