సబ్బుతో కడిగిన ఎలుక

గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో ముప్పై ఒక్క ఏళ్లు వంట చేశాను నేను. పేరు మెర్వ్. హే అనే ఊరి చుట్టుపక్కల ఏ షెడ్‌లోనైనా ఆ పేరు చెప్పి చూడండి. పొద్దుటి నుంచి వంచిన నడుం ఎత్తకుండా పనిచేసి వచ్చి కూర్చున్న నలభై మంది కత్తెరవాళ్లలో, నేను పెట్టిన కంచం వదిలేసి లేచినవాడు ఒక్కడూ లేడు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. సరే, గొప్పే. ఉన్నదే చెప్పుకుంటున్నాను.

అలాంటి నాకు ఏడు నెలల పాటు ఒక పాము చుక్కలు చూపించింది.

దాని పేరు క్వీనీ. మా అమ్మాయి లియాన్ పెంచుకునే నల్లతల కొండచిలువ. ఏప్రిల్లో లియాన్‌కి కోబార్ గనిలో ఉద్యోగం వచ్చింది. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. వెళ్లే ముందు పామునీ, దాని గాజు పెట్టెనీ, ఫ్రీజర్ నిండా గడ్డకట్టిన ఎలుకల్నీ నాకు అప్పజెప్పింది.

"రాత్రి ఒకటి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టు నాన్నా. పొద్దున సంచిలో వేసి అరగంట వేడినీళ్లలో ఉంచు. తల దగ్గర ఇంకాస్త వెచ్చగా ఉండాలి. మైక్రోవేవ్ జోలికి మాత్రం వెళ్లకు, పొట్ట పగిలి అంతా రోత అవుతుంది."

"మాంసం కరిగించడం నాకు నేర్పుతున్నావా నువ్వు?" అన్నాను.

చెప్పింది చెప్పినట్టే చేశాను. పట్టకారుతో ఎలుక తోక పట్టుకుని పెట్టెలో ఆడిస్తే, క్వీనీ నాలుక రెండుసార్లు ఆడించి మొహం తిప్పేసుకునేది. ఒకసారి కాదు, ప్రతిసారీ. చలికాలంలో ఎలాగూ తినవులే అంది లియాన్. చలికాలం పోయింది. మా దేశంలో ఎండలు మొదలయ్యే నవంబర్ వచ్చింది. వంటింటి తూకంలో పెడితే రెండు కిలోల మూడు వందలున్న పాము కిలో ఏడు వందలకి దిగింది. డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడు. జబ్బు లేకుండా నా చేతి తిండి వద్దనడం ఏమిటి? నాకు ఎంత చిర్రెత్తుకొచ్చేదంటే, ఒక్కోసారి పెట్టె ముందు కుర్చీ వేసుకుని దానికి చీవాట్లు పెట్టేవాణ్ణి.

పోయిన శనివారం లియాన్ ఇంటికి వస్తూనే, బ్యాగు కూడా దించకుండా చెప్పింది. "డెనిలిక్విన్ ఊళ్లో పాములు పెంచే నొయెలీన్ అని ఒకావిడ రేపు మధ్యాహ్నం వస్తుంది నాన్నా. ఆవిడ పెడితే మొండి పాములు కూడా తింటాయట. క్వీనీని ఇచ్చేస్తాను. చూస్తూ చూస్తూ చంపుకోలేను."

నాకు తల కొట్టేసినట్టయింది. నా వంటింట్లోంచి ఒక ప్రాణి ఆకలితో ఇంకో ఇంటికి పోవడమా?

"ఇంకొక్కసారి పెట్టి చూద్దాం," అన్నాను. అప్పటికే వేడినీళ్లలో వెచ్చబడుతున్న ఎలుకను తీసి సింకు దగ్గరికి నడిచాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. షెడ్లలో వంటవాడి గుమ్మం దాటి లోపలికి ఎవరూ రారు. షెడ్ యజమాని కూడా బయటే నిలబడి అడుగుతాడు. నేను ఇంట్లోనూ అదే నడిపించాను. లియాన్ చిన్నప్పటి నుంచీ గుమ్మం అవతలే నిలబడి, కావలసింది చేతికి అందుకునేది. ఆ రోజు బెంగలో ఉందేమో, నా వెనకే లోపలికి వచ్చేసింది.

"ఏం చేస్తున్నావు?"

"కడుగుతున్నాను."

"దేంతో?"

"గిన్నెల సబ్బుతో. నిమ్మకాయది. చూడు, ఎంత శుభ్రంగా ఉందో. బొచ్చు తళతళలాడుతోంది."

లియాన్ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి రోజు నుంచీ. కడగకుండా పెట్టే మనిషినా నేను?"

"నాన్నా, పాము వాసన పట్టుకునే తింటుంది. ఉన్న వాసనంతా కడిగేసి, ఏడు నెలలుగా దానికి నిమ్మకాయ సబ్బు పెడుతున్నావు."

నేను ఎలుక వైపు చూశాను. నా ముప్పై ఒక్క ఏళ్ల పరువు సింకులోకి జారిపోయింది.

వెంటనే ఇంకోటి కరిగించి, కడగకుండా పెట్టాం. క్వీనీకి అప్పటికే మనసు విరిగిపోయిందేమో, దాన్నీ వద్దంది. లియాన్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

"అడవిలో ఈ జాతి ఎక్కువగా బల్లుల్నే తింటుంది," అంది చివరికి. "ఎలుకంటే దానికి ముందు నుంచీ అంత మోజు లేదు."

ఆ మాటకి నాకు హేమి గుర్తొచ్చాడు. న్యూజిలాండ్ నుంచి వచ్చి ఒకప్పుడు మా షెడ్‌లో పనిచేసిన మావోరీ తెగ కత్తెరవాడు. మొదటి వారం నా వేపుడు మాంసాన్ని కెలికి కెలికి, బలవంతాన మింగేవాడు. ఎనిమిదో రోజున పంది ఎముకలు, కాలవ గట్టున దొరికే ఆకుకూర వేసి, వాణ్ణి అడిగి వాళ్లమ్మ చేసినట్టు ఉడకబెట్టాను. కుండ ఖాళీ చేశాడు. మనిషికి కావలసింది ఇంటి వాసన. పాము మాత్రం ఏం తక్కువ?

ఆదివారం పొద్దున్నే పెరట్లో కట్టెల కుప్ప దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. దాని కింద మూరెడు పొడవున్న ఒక నీలినాలుక బల్లి కాపురముంటుంది. అది కుబుసం విడిచే రోజులు. వెతగ్గా వెతగ్గా, కాగితంలా పలచటి పొరలు మూడు దొరికాయి. వాటిని గోరువెచ్చని నీళ్లలో తడిపి, వెచ్చబెట్టిన ఎలుకకి ముక్కు నుంచి మెడ దాకా పట్టించాను, గొర్రె తొడకి మసాలా పట్టించినట్టు. ఒక పొరను తలకి చుట్టాను. సబ్బు ముట్టుకోలేదు. చేతులకి కూడా.

"రా," అని లియాన్‌ని నేనే లోపలికి పిలిచాను.

పట్టకారు దించాను. క్వీనీ నాలుక ఆడింది. ఆగింది. మళ్లీ ఆడింది, ఈసారి గబగబా. నేను పట్టకారు ఇంకాస్త దగ్గరికి జరిపాను. అంతలో పట్టకారుకి ఒక్క కుదుపు తగిలింది, చూస్తే దాని కొసన ఎలుక లేదు.

క్వీనీ దాన్ని చుట్టేసి, తీరిగ్గా తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. షెడ్లలో కూడా ఇంతే. వంట కుదరకపోతే నలభై నోళ్లు తిడతాయి, కుదిరితే ఎవరూ నోరు మెదపరు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ముప్పై ఒక్క ఏళ్లు తెల్లారకుండా లేచాను.

తోక కొస కూడా లోపలికి పోయాక, లియాన్ ఫోన్ తీసింది.

"నొయెలీన్, బయల్దేరారా? రావద్దులెండి. లేదు, వేరే ఎవరికీ ఇవ్వలేదు." నా వైపు చూసింది. "దానికి ఇక్కడ వంటవాడు ఉన్నాడు."

నేను ఫ్రీజర్ తలుపు తెరిచి, లోపల ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాను.