ఎడమ అరచేతి కింద

చెప్పులు తలుపు పక్కనే విడిచాను కాబట్టి లేచి వెళ్ళిపోవడం పెద్ద పనేం కాదు, దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వంగి నడిస్తే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే అనుకోనీ, ఇన్నాళ్ళూ అనుకున్నది చాలక కొత్తగా అనుకునేదేముంది, కానీ ఇటు పక్క మా ఆవిడ, అటు పక్క మా అత్త, ఇద్దరూ కూడబలుక్కుని నన్ను మధ్యలో ఇరికించారు, దొంగని పోలీసులు తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు మందిరానికి, మా అత్త అయితే దారిలోనే దులిపేసింది, అల్లుడూ, మీ మొగుడూ పెళ్ళాల అలకలో నేను నలిగిపోతున్నానయ్యా, నువ్వు ప్రభువు బల్ల దగ్గరికి రావు, నువ్వు రావని ఇది రాదు, ప్రతిసారీ మన బెంచీలోంచి నేనొక్కదాన్నే లేచి వెళ్తుంటే ఈ ముసల్దానికే పాపాలు ఎక్కువున్నట్టు అందరూ నన్నే చూస్తున్నారు, అని, నాకు నవ్వొచ్చింది, నవ్వు వచ్చినందుకు కోపం వచ్చింది, ఇప్పుడు ముందు బెంచీవాళ్ళు లేచారు, చెక్క కమ్మీ ముందు వరసగా మోకరించారు, తలకాయల సందులోంచి నేను వాళ్ళ చేతులే చూస్తున్నాను, మా సంఘంలో పద్ధతి అది, ఎడమ అరచెయ్యి కింద, కుడి అరచెయ్యి దాని మీద, గూడులాగా పట్టాలి, అందులో పాస్టరు అయ్యగారు రొట్టె ముక్క పెడతారు, కుడిది పైన పెట్టరా, పైన, అని మా అమ్మ నా చేతులు పట్టుకుని నేర్పింది, మరి పైన పెట్టాల్సిన చెయ్యి ఇప్పుడు లేదు, మణికట్టు దగ్గర ఆగిపోయింది, మా ఆవిడ మడిచి పిన్నీసు పెట్టిన చొక్కా గుడ్డలో దాక్కుని ఉంది, ఇంత ఉక్కలో పొడుగు చేతుల చొక్కా వేసుకున్నవాడిని ఈ గదిలో నేనొక్కడినే.

రెండు బటన్లు ఉంటాయి ఆ మిషన్‌కి, డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు మిషన్ అది, రేకు పెట్టాలి, చేతులు వెనక్కి తీసుకోవాలి, ఎడమ చేత్తో ఎడమ బటన్, కుడి చేత్తో కుడి బటన్, రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న అచ్చు ధడేల్మని దిగుతుంది, రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు అచ్చు కింద ఏ చెయ్యీ ఉండదు కదా, దాన్ని కనిపెట్టినవాడెవడో గానీ మనిషి చేతుల మీద ప్రేమ ఉన్నవాడు, మా మేనేజరుకి ఉన్నది ప్రేమ కాదు, టార్గెట్, ఒక చేత్తో రేకు పెడుతూ ఇంకో చేత్తో నొక్కితే మూతలు ఎక్కువ పడతాయని వాడి లెక్క, ఒక ఉదయం మేం వచ్చేసరికి అన్ని మిషన్లకీ కుడి బటన్ లోపలికి నొక్కేసి తీగతో బిగించి కట్టేసి ఉంది, ఇదేంటి సార్ అంటే, ఇష్టమైతే చెయ్యి, లేదంటే గేటు అటుంది అన్నాడు, పక్క మిషన్ మీద పనిచేసే పొడుగాయన గొణిగాడు, నేను అరిచాను, గొణిగినవాడూ అరిచినవాడూ ఇద్దరం వెళ్ళి అవే మిషన్ల ముందు నిలబడ్డాం, ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి, ఒకరోజు కుడి చెయ్యి ఇంకా కిందే ఉండగా అచ్చు దిగింది, నొప్పి నాకు గుర్తులేదు, మూత గుర్తుంది, పళ్ళెంలో పడిన ఆఖరి మూత, గుండ్రంగా, ఒక్క సొట్ట లేకుండా మెరుస్తూ ఉంది, ఆస్పత్రి నుంచి వచ్చాక ఫ్యాక్టరీకి వెళితే గేటు దగ్గర కాపలా అతను, రోజూ నా టీలో సగం తాగినవాడు, ఎవరు కావాలండీ అన్నాడు, అండీ అట, కళ్ళు మాత్రం నేల మీదే పెట్టుకున్నాడు పాపం, అంతకుముందు అందరికీ నేను ప్రెస్సు మాస్టర్ని, ఇప్పుడు చెయ్యి పోయినాయన్ని, కొట్లో కూడా అదే, చెయ్యి పోయినాయన వచ్చాడు, ఆ ఉప్పు ప్యాకెట్టు సంచిలో వేసివ్వు అంటారు, మర్యాదగానే అంటారు, అందుకే ఇంకా మండుతుంది.

సంఘపెద్ద పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు, అంతా దేవుని చిత్తం బాబూ, ఆయన ప్రేమించినవాళ్ళనే పరీక్షిస్తాడు అన్నాడు, అయితే మా మేనేజరంటే దేవుడికి బొత్తిగా గిట్టదన్నమాట, వాడి వేళ్ళన్నీ ఉంగరాలతో సహా భద్రంగా ఉన్నాయి అన్నాను, వంటింట్లో మా ఆవిడ గిన్నెని ఠంగుమని కింద పెట్టింది, మా అత్త అటు తిరిగి భుజాలు ఊగేలా నవ్వింది, సంఘపెద్ద గబగబా ప్రార్థన ముగించుకుని వెళ్ళిపోయాడు, ఆయన వెళ్ళాక నాకు నవ్వు రాలేదు, భయమేసింది, ఎందుకంటే ఆయన మాటే నిజమైతే, ఆ తీగ కట్టమన్నది దేవుడే అయితే, ఆయన బల్ల దగ్గర నాకేం పని, మేనేజరు ఇంటికి భోజనానికి వెళ్ళినట్టే కదా, అందుకే మానేశాను, అలక కాదది, అలిగినవాడికి బతిమాలతారన్న ఆశ ఉంటుంది, నాకు అదీ లేదు, కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామంటే అచ్చు దిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు, తర్వాత అయ్యగారు వస్తే మొహం మీదే అడిగాను, దేవుని చిత్తమేనా అయ్యగారూ, అవునో కాదో చెప్పండి, డొంకతిరుగుడు వద్దు అని, ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టారు, తీగ కట్టింది మనిషి తమ్ముడూ అన్నారు, దాన్ని తీసుకెళ్ళి దేవుడి మీద వేశామంటే కట్టినవాడు దర్జాగా తప్పుకుంటాడు, మరి ఆ పూట దేవుడెక్కడున్నాడు అన్నాను, నాకు తెలీదయ్యా అన్నారు, మైకు పట్టుకుంటే ఒక పట్టాన వదలని మనిషి, తెలీదు అన్నారు, ఆ ఒక్క మాటకి ఆయన మీద నమ్మకం కుదిరింది, కానీ నా ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, మింగలేను, ఉమ్మలేను.

మా బెంచీ వంతు వచ్చింది, మా అత్త లేచింది, మా ఆవిడ లేవలేదు, నన్ను లెమ్మని కూడా అనలేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చుంది, చెయ్యి పోయింది నాది, నువ్వెందుకే మానడం అని ఎన్నిసార్లు గొడవపడ్డానో, ఆస్పత్రిలో నీకు పెట్టకుండా నేను తిన్నానా, ఇదీ అంతే, అనేది, ఇంకో ముక్క మాట్లాడేది కాదు, యూనియన్‌లో ఇలాంటి మనిషి ఒక్కతి ఉంటే మేనేజరు ఆ తీగలు తనే విప్పేవాడు, నా మూలంగా ఇది ఆకలితో కూర్చుంది ఇన్నాళ్ళూ, లేచాను, వెనకే మా ఆవిడా లేచింది, కమ్మీ దాకా వెళ్ళి మోకరించాను, అయ్యగారు ఆ చివర మొదలుపెట్టారు, ఎడమ చెయ్యి ఒక్కటే చాపుదాం, రెండోది చొక్కాలోనే ఉండనీ, చూసేవాళ్ళకెందుకు ఇబ్బంది, మొన్న పొడుగాయన కూడా ఈ చెయ్యి గురించే వచ్చాడు, అన్నా, గేటు ముందు మీటింగ్ పెడుతున్నాం, తీగలు విప్పాలని అడుగుతాం, నువ్వేం మాట్లాడక్కర్లేదు, వచ్చి చెయ్యి చూపించు చాలు అన్నాడు, నన్నేమైనా సంతలో బొమ్మననుకున్నావురా, పో అవతలికి అని కసిరి పంపేశాను, చూపించడమట, చెయ్యి చూపించడం, అసలు అలా చూపించినవాడు ఒకాయన ఉన్నాడు కదా, అవును, సమాధిలోంచి లేచి వచ్చి, తలుపులు బిగించుకుని వణుకుతూ కూర్చున్న స్నేహితుల మధ్య నిలబడి, ప్రభువు చేసిన పని అదే, చేతులు చూపించడం, ఏటా వింటూనే ఉన్నాను, విని ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నాను, ఇలా మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు, చావునే గెలిచి వచ్చినవాడికి రెండు చిల్లులు పూడ్చుకోవడం ఒక పనా, మచ్చ లేని కొత్త చేతులతో రావచ్చు, రాలేదు, మేకులు దిగిన చేతులతోనే వచ్చాడు, ఇవి చూడండి, నేనే, అన్నాడు, సిగ్గుపడాల్సింది కొట్టినవాళ్ళు, ఆయనెందుకు దాచుకుంటాడు, అయితే ఆ పూట ఎక్కడున్నాడని కదా అడిగాను, మేనేజరు గదిలో కుర్చీ వేసుకుని కూర్చోలేదు ఆయన, తీగ కట్టే చేతుల్లో లేడు, అచ్చు కింద ఉన్నాడు, నా చేతి పక్కన తన చెయ్యి పెట్టి.

పిన్నీసుని ఎడమ చేత్తో లాగితే రాలేదు, పళ్ళతో లాగాను, చొక్కా చెయ్యి మోచేతి దాకా ఎగదోశాను, గాలి తగిలింది దానికి, ఎన్నాళ్ళ తర్వాతో నలుగురిలో గాలి తగిలింది, పైన పెట్టడానికి వీల్లేకపోతే కింద పెడతాను, ఎడమ అరచేతి కింద ఆ మొండి చేతిని ఆనించాను, బాగానే ఆనింది, వణకకుండా మోసింది, అయ్యగారు వచ్చారు, ఆగలేదు, జాలిగా తల ఊపలేదు, అందరికీ పెట్టినంత ముక్కే నాకూ పెట్టారు, అందరికీ చెప్పిన మాటే నాకూ చెప్పారు, పక్కకి జరిగిపోయారు, అంతే, ఇంత తేలికా ఇది, దీనికోసమా నేను ఇన్ని ఆదివారాలు గోడకి తిరిగి పడుకున్నది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే ఉన్న ఒక్క చేతిలో రొట్టె ఉంది, పక్కనుంచి మా అత్త గుసగుసగా, ఏడుపు తర్వాత ఏడవచ్చుగానీ అల్లుడూ, ముందు నోట్లో పెట్టుకో, నీకోసం అది కూడా చేతిలో పట్టుకుని చూస్తోంది అంది, ఇటు తిరిగితే మా ఆవిడ నిజంగానే రొట్టె అరచేతిలో పెట్టుకుని నా నోటి వంక చూస్తోంది, తిన్నాను, అప్పుడు తింది, మొహమంతా తడిసిపోయి ఉంది, నవ్వుతోంది కూడా, ఎంత అందంగా ఉందో.

లేచి వెనక్కి నడుస్తుంటే జనం చూశారు, చూడనీ, ఊపిరి లోపలి దాకా వెళ్ళి వస్తోంది, కోపం పోలేదు, పోకూడదు కూడా, సాయంత్రం పొడుగాయన ఇంటికెళ్ళి వస్తానని చెప్తాను, గేటు ముందు నిలబడతాను, చెయ్యి చూపించి, నోరు కూడా విప్పుతాను, ఇంకొకడి చెయ్యి ఆ అచ్చు కిందికి పోకూడదు, కానీ ఆ కోపం ఇక నన్ను కొరుక్కు తినడం లేదు, నాతో కలిసి నడుస్తోంది, ప్రెస్సు మాస్టర్ అన్న పేరు ఫ్యాక్టరీ ఇచ్చింది, అదే లాక్కుంది, చెయ్యి పోయినాయన అన్నది వీధి పెట్టిన పేరు, వాళ్ళిష్టం, పిలుచుకోనీ, బాప్తిస్మంలో నన్ను నీళ్ళలో ముంచి లేపిన రోజున ప్రభువు నా వేళ్ళు లెక్కపెట్టుకుని నన్ను తీసుకోలేదు, నేను కొట్టే మూతలు చూసి తీసుకోలేదు, ఆ మిషన్ ముందు నిలబడక ముందు నుంచీ నేను ఆయన మనిషిని, ఇప్పటికీ ఆయన మనిషినే.