పదకొండు నిమిషాలు

అమల ఇడ్లీ రేకుల్లో పిండి పోస్తుండగా సంజీవరావు వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఆమె రాసిచ్చిన కాగితాన్ని పిండిగిన్నె పక్కన పడేశాడు.

"మళ్ళీ తప్పు చేశావు."

"మూడుసార్లు చేశానండీ. తేడా పదకొండు నిమిషాలే వస్తోంది."

"నాలుగోసారి చెయ్యి. ఈ మధ్య నీ తల సరిగా ఉండటం లేదు."

ఆ మాట అతని నోట వినడం అదే మొదలు.

సంజీవరావు బెజవాడలో ఫిజిక్సు లెక్చరరు. జంట నక్షత్రాల మీద డాక్టరేటు చేస్తున్నాడు. సెలవుల్లో హైదరాబాదు వెళ్ళి, టెలిస్కోపు దగ్గర రాసుకున్న అంకెలు తెచ్చి ఆమె ముందు కుప్పపోసేవాడు. లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని వాటిని ఒక దారికి తెచ్చేది అమల. ఆమె లెక్కల్లో ఎమ్మెస్సీ. ఆడపిల్లల కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పింది. "నా పని నీ పని కాదూ?" అని అతనంటే, నిజమే అనుకుని మానేసింది. ఆరేళ్ళ తర్వాత చూసుకుంటే ఏడు నోటుబుక్కులు నిండాయి. వాటిలో తన చేతిరాతే గాని తన పేరు ఎక్కడా లేదు.

అతను చూస్తున్న జంటలో తేలికైన మసక నక్షత్రం, బరువైన వెలుగు నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడల్లా కాంతి తగ్గుతుంది. రెండున్నర రోజులకోసారి గ్రహణం. అది ఎప్పుడు పట్టాలో పాత పట్టికలను బట్టి చెప్పవచ్చు. కాని ఇప్పుడు పదకొండు నిమిషాలు ఆలస్యంగా పడుతోంది. లెక్కలో తప్పు దొరకలేదు. మినప్పప్పు రుబ్బుతూ, దుప్పట్లు జాడిస్తూ అమల దాన్ని గురించే ఆలోచించింది. భర్త పుస్తకాలు తిరగేసింది. చివరికి కారణం తట్టింది. తేలిక నక్షత్రం ఒంట్లోని వాయువు ధారకట్టి బరువైనదాని మీదికి పోతోంది. పోయినకొద్దీ రెండూ దూరం జరుగుతున్నాయి, చుట్టు తిరిగే కాలం పెరుగుతోంది. ఇంకా వెనక్కి లెక్క కట్టుకుంటూ వెళ్తే, ఈ తేలికైనదే ఒకప్పుడు రెండింటిలో పెద్దది.

ఆ సాయంత్రం చెబితే సంజీవరావు నవ్వాడు. "పుస్తకంలో ఏదో చదివి ఇక్కడ అతికిస్తున్నావు. మన నక్షత్రంలో అలాంటిదేం లేదు. ఎక్కడా అనకు, నవ్వుతారు." అన్నాడు గాని, ఆ కాగితాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఇంట్లో గాలి మారింది. అత్తగారు తెరేసమ్మ పొద్దునా సాయంత్రం ఒక టానిక్కు గ్లాసులో పోసి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. "పుస్తకాలు ఎక్కువైతే ఆడదాని బుర్ర వేడెక్కుద్దంట. మావాడు నీ గురించి ఎంత బెంగపడతన్నాడో తెలుసా?" ఆదివారం పూజయ్యాక గుణదల చర్చి మెట్ల దగ్గర ఎప్పుడూ పలకరించే ఆడవాళ్ళు మాట ఆపేసి ఆమెకేసి జాలిగా చూశారు. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది ఒకామె. బాగానే పడుతోంది. అయినా ఆ రోజు నుంచి అమల, పొయ్యి ఆర్పిందో లేదో రెండుసార్లు చూసుకునేది. రెండూ రెండూ కూడి, మళ్ళీ కూడేది.

సంజీవరావు డాక్టరేటు వైవాకి వారం ఉందనగా, లాగరిథమ్ పట్టిక కోసం అతని బల్ల సొరుగు తీసింది. కింద గైడుగారి ఉత్తరం కనిపించింది. తేదీ మూడు నెలల కిందటిది. 'మీరు పట్టుకున్న పదకొండు నిమిషాల ఆలస్యం నిజమే. మీ వివరణ చాలా బాగుంది. థీసిస్‌కి అదే ప్రాణం.' దానికి గుచ్చి అతని జవాబు కార్బన్ కాపీ. కృతజ్ఞతలు చెప్పాక చివర నాలుగు వాక్యాలు: 'నా భార్య మానసిక స్థితి బాగాలేదు. నా పనంతా తనదేనని భ్రమపడుతోంది. ఎప్పుడైనా మీకు ఉత్తరం రాస్తే పట్టించుకోకండి. వైవా కాగానే ఆస్పత్రిలో చేర్పిస్తున్నాను.'

అమల నిలబడే రెండోసారి చదివింది. వంటింట్లోంచి అత్తగారు, "టానిక్కు తాగావా?" అని కేకేసింది. "తాగుతానండీ," అని, రెండు కాగితాలూ జాకెట్టులో దోపుకుని, సొరుగు మూసింది.

మూడు రోజుల తర్వాత భోజనం చేస్తూ సంజీవరావు మామూలుగా అడిగాడు. "అమలా, బరువు తక్కువదే బరువైనదానికి వాయువు ఎందుకు ఇస్తుంది? తలకిందులుగా ఉంది కదా. ఎవరైనా అడిగితే..."

"అది తప్పన్నారు కదండీ."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "అప్పుడేదో అన్నాను. చెప్పు."

"వైవా అయ్యాక నన్ను ఏ ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు?"

అతను తల్లికేసి చూశాడు. తెరేసమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి, కొడుకు ఏం చెబుతాడా అని చూస్తోంది. అతను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, ముందుగదిలోకి వెళ్ళి బీరువా తెరిచాడు. పై అర, కింది అర, పక్క అర.

"నోటుబుక్కులేవి?"

అమల అతని కంచం తీసి పక్కన పెట్టింది.

"మొన్ననే గైడుగారికి రిజిస్టరు చేశాను. ఏడూ. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాను. మీరు ఆయనకి రాసిన జవాబు కూడా జతచేశాను. వైవాకి నేనూ వస్తానని రాశాను. నా తల సరిగా ఉందో లేదో వాళ్ళే అడిగి తేల్చుకుంటారు."