బాలి ఎత్తని ఫోను

మా బాలి వదినకు ఫోను ఉంది గానీ ఆమె దాన్ని ఎత్తదు. ఎత్తకపోవడానికే ఆమె ఫోను పెట్టుకుంది.

బాలి భర్త బిచ్యా ఇల్లందు వైపు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బాయిలోకి ఫోను పోనివ్వరు. షిఫ్టు అయ్యాక పైకి వచ్చి, తలకు పెట్టుకున్న లైటును ల్యాంప్ రూములో అప్పజెప్పి, దాచిన ఫోను తీసుకుని ఇంటికి ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తాడు. పైకొచ్చాను, బాగున్నాను, బస్సెక్కుతున్నాను అని దానర్థం. ఆ రింగు వినగానే బాలి పొయ్యి మీద ఎసరు పెడుతుంది. రింగు ఆగకుండా మోగిందంటే మాత్రం చేసేది బిచ్యా కాదు, బిచ్యా గురించి ఇంకెవరో. అప్పుడే ఎత్తాలి. బాయికి పోయే ప్రతి ఇంటిదీ మా తండాలో ఇదే పద్ధతి. షిఫ్టు దిగే వేళకు ఇంటింటా ఫోన్లు ఒక్కసారి మోగి ఊరుకునేవి. ఆ ఊరుకోవడం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

అట్లా సుఖంగా ఉన్న మమ్మల్ని బాగుచేయడానికి ఉదయ్ భాస్కర్ వచ్చాడు.

ఖమ్మం నుంచి వచ్చిన ఫోన్ల కంపెనీ ఆఫీసరు ఆయన. కొత్త టవర్ కింద షామియానా వేయించి, పెద్దమనిషి పూల్‌సింగ్ చేత కొబ్బరికాయ కొట్టించాడు. నేనిక్కడ అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు పెట్టిన గుడ్డును ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడానికి నెట్ కోసం రోజూ గుట్టెక్కి, గుడ్డు కంటే ముందు నేనే ఉడికిపోయేదాన్ని. అందుకని అందరికంటే గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను.

"ఇన్నాళ్లూ మాటకు ఒక దారి, ఇంటర్‌నెట్‌కు ఒక దారి ఉండేది. ఇప్పుడు రెండూ ఒకే దారిలో పోతాయి. మీ మాటను చిన్న చిన్న ముక్కలు చేసి, ఇంటర్‌నెట్‌లోనే పంపి, అటు పక్క మళ్లీ అతికిస్తాం. పాత నెట్‌వర్క్ మూసేస్తున్నాం. ఈ బటన్ ఫోన్లు ఇక పనిచేయవు" అన్నాడు ఉదయ్ భాస్కర్.

బాలి లేచి నిలబడింది. "అతికేసేటప్పుడు ఒక ముక్క తక్కువైతే ఏంది సారూ?"

"తక్కువ కాదమ్మా."

"మేము మాట పంపం గద. ఒక్క రింగే. దాన్ని గూడ ముక్కలు చేస్తరా?"

ఆయన పడీపడీ నవ్వాడు. "కాల్స్ అన్నీ ఫ్రీ అమ్మా! ఇంకా మిస్డ్ కాల్ ఏంటి? కడుపునిండా మాట్లాడుకోండి."

సారు చెప్పాడు కాబట్టి మాట్లాడుకుని చూశారు. మర్నాడు బాలి కొత్తగా కొన్న ఫోను మోగగానే నేనే ఆమె చేత ఎత్తించి స్పీకర్ పెట్టాను.

"ఆఁ" అన్నాడు బిచ్యా.

"ఆఁ" అంది బాలి.

"పైకొచ్చిన."

"ఎరుకే. మోగింది గద."

ఆ తర్వాత ఇద్దరికీ ఏం తోచలేదు. వెనక బస్సు హారన్లు చాలా స్పష్టంగా వినిపించాయి. ఒక్క ముక్క కూడా తక్కువ కాలేదు.

"ఇగ పెట్టెయ్, సిగ్గైతుంది" అంది బాలి. పాత పద్ధతే మళ్లీ మొదలైంది.

వారం తిరక్కుండా ఒక పొద్దున, బిచ్యా బాయిలో ఉండగా, బాలి ఫోను మోగింది. ఆగలేదు. మోగుతూనే ఉంది. బాలి చేతిలో చేట జారిపడింది. నిలబడ్డచోటే కూలబడి శోకం పెట్టింది. ఆ ఏడుపు విని ఆడవాళ్లంతా ఉరికొచ్చి, విషయం తెలుసుకోకుండానే ఆమె మెడ కావిలించుకుని అందుకున్నారు. తండాలో ఏడుపు మొదలైతే కారణం తర్వాత అడుగుతారు. చివరికి నేనే ఫోను ఎత్తాను.

"అభినందనలు! మీ కోసం ప్రత్యేకంగా ఎంపిక చేసిన పర్సనల్ లోన్..." అందొక తీయటి గొంతు.

ఆ గొంతును ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయకూడదు.

అది మొదలు. కాలర్ ట్యూన్లు, క్రెడిట్ కార్డులు, హైదరాబాద్‌లో విల్లాలు. తాటాకు పాకలో ఉన్న ద్వాలి ముసలమ్మకు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు చూడటానికి ఎప్పుడొస్తారని అడిగారు. మోగిన ప్రతిసారీ బాలి చేతిలో పని వదిలేసి కూలబడేది. మనిషి సగమైపోయింది. ఇక నాకు మండి, టవర్ చూడటానికి వచ్చిన ఉదయ్ భాస్కర్‌ను పట్టుకుపోయి ఆమె ముందు నిలబెట్టాను.

"ఇంతేనా?" అని ఆయన ఫోను తీసుకుని ఏదో నొక్కాడు. "ఇక తెలియని నంబర్లు మోగవు. హాయిగా ఉండండి."

బాలి ఆయన ముఖంలోకి చూసింది. "చెడ్డకబురు తెలిసిన నంబర్ నుంచే వస్తదా సారూ?"

ఆయన కంపెనీ పెద్ద చదువులన్నీ చదివించి పంపినట్టుంది గానీ ఈ పాఠం లేదు. గడియారం చూసుకుని జీపెక్కాడు. ఆ నొక్కింది నేనే మళ్లీ తీసేశాను.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒకరోజు కరెంటు పోయింది. టవర్ కింద జనరేటర్‌లో డీజిల్ లేదట. ఇంతకుముందు నెట్ పోయినా మాట కుంటుకుంటూనైనా వచ్చేది. ఇప్పుడు ఇద్దరినీ ఒకే బండి ఎక్కించారు కదా, బండి ఆగితే ఇద్దరూ ఆగారు.

షిఫ్టు దిగే వేళ దాటింది. రింగు రాలేదు. బాలి ఫోనును ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. రాకపోతే ఏమనుకోవాలో మా పద్ధతిలో లేదు.

"టవర్ పోయింది వదినా, అందుకే రాలే" అన్నాను.

"టవరే పోయిందని నీకెట్ల ఎరుక? టవరూ బాయీ రెండూ పోయినయేమో" అంది.

ఆమె లేచి, వానలోనే రోడ్డు మీదికి నడిచింది. ఒక్కదాన్నే పోనివ్వలేక నేనూ వెంటపడ్డాను. గోపాలు ఆటో ఎదురైతే ఇల్లందు వైపు తిప్పించాం. దారిపొడుగునా ఆమె నా చెయ్యి విరిగేట్టు పట్టుకుంది.

టేకులపల్లి దాటామో లేదో, గోపాలు గభాలున బ్రేకు వేశాడు. ఎదురుగా ఎవరిదో మోటార్‌సైకిల్ వెనక కూర్చుని, ముఖాన బొగ్గు కూడా కడుక్కోకుండా బిచ్యా వస్తున్నాడు. మమ్మల్ని చూసి, బండి పూర్తిగా ఆగకముందే దూకాడు.

బాలి దిగింది. రెండు చేతులతో అతని ఛాతీ మీద గుద్దింది.

"రింగు ఎందుకియ్యలే? పైకి రాలేదేమో అనుకున్న!"

"ఎన్నిసార్లు చేసిన! మోగలే!" అన్నాడు బిచ్యా. "ఇన్నేండ్లల్ల నీ ఫోను మోగని రోజు లేదు. నీకే ఏమన్న అయిందనుకున్న, బాలీ."

బాయిలో ఉండేవాడి గురించే భయపడాలని మేమంతా అనుకున్నాం. పైన ఉన్న మనిషి కోసం కింద ఉన్నవాడూ భయపడతాడని ఆ రోజే తెలిసింది. వాళ్లిద్దరూ ఫోనులో ఎప్పుడూ మాట్లాడుకోనిదంతా ఆ రోడ్డు మీద వానలో నిలబడి మాట్లాడుకున్నారు. నేను గోపాలును అటు తిరగమన్నాను.

తర్వాత బిచ్యా ఒక ఏర్పాటు చేసుకున్నాడు. బాయి నుంచి బస్‌స్టాండుకు వచ్చి, ఆర్టీసీ డ్రైవర్ సారంగపాణి పక్క సీట్లో కూర్చుంటాడు. తండా మలుపుకు ఇంకా దూరం ఉండగానే సారంగపాణి హారన్ ఒక్కసారి కొట్టి వదిలేస్తాడు. బాయి నుంచి మావాళ్లందరూ పైకొచ్చారనడానికి అదొక్కటే గుర్తు.

మొన్న ఉదయ్ భాస్కర్ మళ్లీ వచ్చాడు. మళ్లీ షామియానా, మళ్లీ పూల్‌సింగ్ కొబ్బరికాయ. ఇంకా కొత్త నెట్‌వర్కట. డాక్టరు హైదరాబాద్‌లో కూర్చుని భద్రాచలంలో ఆపరేషన్ చేయొచ్చట. ముందు వరసలో కూర్చున్న బాలిని గుర్తుపట్టి నవ్వాడు. "ఏమ్మా, మీ మిస్డ్ కాల్ కష్టాలు తీరాయా?"

బాలి జవాబు చెప్పేలోపే రోడ్డు మీద హారన్ పొట్టిగా మోగి ఊరుకుంది. ఆమె కొంగు దులుపుకుని లేచింది.

"నువ్వు చెప్తుండు సారూ," అంది, "మావోడు పైకొచ్చిండు. ఎసరు పెట్టాలె."

ఆమె వెనకే బాయికి పోయేవాళ్ల ఇళ్ల ఆడవాళ్లంతా ఒక్కొక్కరే లేచిపోయారు. ఆయన మాటలు మాత్రం మైకులో, ఒక్క ముక్క తక్కువ కాకుండా, ఖాళీ కుర్చీలకు వినిపిస్తూనే ఉన్నాయి.