పేరు ముందు చుక్క

కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆ దుకాణంలో కొలతల పని చిట్టిది. వచ్చినవాళ్ల కాలి చుట్టూ స్కానర్ తిప్పి, ఆ కొలతను కంప్యూటర్లో ఒక్కొక్కరి పేరుతో ఒక్కో ఫోల్డరులో పెడుతుంది. వెనక గదిలో అన్నయ్య వాటిని చూసుకుంటూ, కాలు ఇమిడే తొడుగులు పోతపోస్తాడు. ముందు గదిలో వదిన కూర్చుంటుంది. దుకాణం ఆవిడది. అన్నయ్య కూడా ఆవిడదేనని చిట్టి వేళాకోళమాడుతుంటుంది.

మంగళవారం ఉదయం ఏడు ఫోల్డర్లు మాయమయ్యాయి. అవీ ఇవీ కావు, సరిగ్గా అర్జెంటువే. అందులో ఒకటి, ఎల్లుండి కొత్త కాలుతో డ్యూటీ ఎక్కాల్సిన బస్సు కండక్టరుది. చిట్టి తెర మీది చెత్తబుట్ట బొమ్మలో చూసింది, పేర్లు కొట్టి వెతికింది. ఎక్కడా లేవు.

"మిగతావన్నీ ఉండి, ఆ ఏడే పోయాయా?" అంది వదిన.

"పోలేదు వదినా, కనపడట్లేదు."

"రెంటికీ తేడా ఏంటే?" అని ఊరుకున్నా బాగుండేది. "మార్కెట్ వెనక కొత్తగా కాళ్ల షాపు పెట్టినవాళ్లు నిన్ను పనికి రమ్మన్నారటగా" అంది.

"రానని చెప్పేశాను!" అంది చిట్టి గబగబా. నిజంగానే చెప్పేసింది. ఇంట్లో చెప్పేంత పెద్ద సంగతి అనిపించక ఊరుకుంది. అయినా ఆ తొందర, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమెకే వినిపించింది.

భోజనం చేసి వచ్చేసరికి కొలతలన్నిటి మీదా తాళం బొమ్మ ఉంది. నొక్కితే 'మీకు అనుమతి లేదు' అని వచ్చింది. మూడేళ్లుగా తన చేత్తో పెట్టినవే అవన్నీ. వదిన నోటితో అని ఉంటే తిరిగి ఓ మాట అనొచ్చు, కంప్యూటరుతో ఏం పోట్లాడుతుంది? పట్టపగలే చుక్కలు కనిపించాయి చిట్టికి. అన్నయ్య వైపు చూసింది. ఆయన చేతిలోని తొడుగును అటూ ఇటూ తిప్పి, నున్నగా ఉన్న అంచునే మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. వదిన మీదకన్నా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

సాయంత్రం కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. పనిమంతుడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"కొత్తగా ఏం చేశారమ్మా?"

"ఏం లేదండీ. అర్జెంటు వాటి పేరు ముందు చుక్క పెట్టు, లిస్టులో పైకొస్తాయని నిన్న వదిన ఫోన్లో చెప్పింది. ఇంటికెళ్లే ముందు పెట్టాను."

"ఏ చుక్క?"

చిట్టి ఫుల్‌స్టాప్ మీట చూపించింది. మెకానిక్ పగలబడి నవ్వాడు. "ఈ సిస్టంలో పేరు ముందు చుక్క పెడితే, లిస్టు మళ్లీ తెరిచేసరికి ఫోల్డరు దాక్కుంటుందమ్మా!"

వదిన పాస్‌వర్డ్ కొట్టి తాళం తీసింది. అతను రెండు మీటలు కలిపి నొక్కగానే ఫోల్డర్లు వెలిసిన రంగులో బయటపడ్డాయి.

"చుక్కంటే ఆకాశంలో చుక్కే తల్లీ! స్టార్ గుర్తు!" అని వదిన నెత్తి కొట్టుకుంది. వెనక గదిలో అన్నయ్య కూడా నవ్వాడు. చిట్టికీ నవ్వొచ్చింది, దాంతోపాటే పొద్దున్నుంచి బిగబట్టిన ఏడుపూ వచ్చింది. కళ్లు తుడుచుకుని లెక్కపెట్టింది. ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదోదాని మీద ఇంకా తాళం ఉంది. దాని పేరు ముందూ చుక్క ఉంది, పేరు 'చిట్టి'. ఆ పేరుతో పిలిచేది అన్నయ్యా వదినా ఇద్దరే.

"ఇది నేను పెట్టలేదే."

"అది పాతదిలెండి. మీరు ఏ ఫైలు తెరిచారో, ఎవరికి పంపారో అన్నీ అందులో పడతాయి. మేడమే పెట్టించు..." అని మెకానిక్ మిగతా మాట మింగేశాడు.

పక్కనే తేదీ ఉంది. చిట్టి పనిలో చేరిన రోజు. ఆ రోజే వదిన ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టి, ఇక ఇది నీదేనే అంది.

"పొద్దున దీన్ని చూసుంటే నేనెవరికీ ఏమీ పంపలేదని తెలిసేదిగా వదినా?"

"చూశాను" అంది వదిన, ఎటో చూస్తూ. "ఏమీ లేదు."

"మరి తాళం ఎందుకేశావు?"

వదిన బల్ల మీది రసీదులు సర్దసాగింది. వెనక గదిలో అన్నయ్య రుద్దుడు ఆగిపోయింది.

చిట్టి ఏడు పేర్ల ముందు చుక్కలు ఒక్కొక్కటే తీసేసింది. కండక్టరు కొలతలు ముందుగా వెనక గదికి పంపింది. ఎనిమిదోదాని జోలికి పోలేదు. మెకానిక్ నొక్కిన ఆ రెండు మీటలే మళ్లీ నొక్కితే అది కనపడకుండా పోయింది. లేచి సంచీ భుజాన వేసుకుంది.

"రేపు ఎన్నింటికి రావాలండీ?" అని అడిగింది.

వదినను ఆమె 'అండీ' అనడం అదే మొదటిసారి.