సమాధులు చూపించమన్నారు

తోయా ఇంటి వెనక నాటిన కొబ్బరి మొక్కను భూస్వామి ఏజెంటు జెఫ్వా వేళ్ళతో సహా పీకి దారిలో పడేయడం మేమందరం కళ్ళారా చూశాం. తోయా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేమూ అలాగే నిలబడ్డాం.

"మొక్కజొన్న వేసుకోండి, కర్రపెండలం వేసుకోండి, ఎవడొద్దన్నాడు? చెట్టు మాత్రం పెట్టొద్దు. మీ అయ్యలకీ ఇదే చెప్పాం" అన్నాడు జెఫ్వా. వాడూ మా గిరియామా తెగవాడే. వాడి అయ్య కూడా ఆ మాట విన్నవాడే.

మా తీరంలో కొబ్బరిచెట్టు ఎవరు నాటితే ఆ చోటు వాళ్ళదని పిల్లలక్కూడా తెలుసు. దొరల కాలంలో ఈ నేల తనదని కాగితం రాయించుకున్నవాడి మనవడు మొంబాసా పట్నంలో ఉంటాడు. ఎప్పుడూ ఇటు రాడు, అతని ఆజ్ఞలు వస్తాయి. చెట్టు నాటకూడదు, రాతిగోడ కట్టకూడదు, శవాన్ని పూడ్చకూడదు. మేము విన్నాం. ఎవరు పోయినా లారీ మాట్లాడుకుని, మా తాతలు వచ్చిన మెట్ట ఊళ్ళకు తీసుకెళ్ళి తండ్రుల పక్కన పూడ్చి వచ్చాం. అది మా ఆచారం కూడా కావడంతో, లొంగిపోతున్నామని మాకెప్పుడూ అనిపించలేదు. మా కొంప ముంచింది అదే.

భూస్వామి ఈ తీరాన్ని ఉప్పు కంపెనీకి అమ్మేశాడు. అభివృద్ధి వస్తుందన్నారు. మేము కోర్టుకెక్కాం. జడ్జి చెడ్డవాడేం కాదు, మా మాట మొత్తం విన్నాడు. విని ఒక్కటే అడిగాడు.

"మూడు తరాలుగా ఉంటున్నామంటున్నారు. మీరు నాటిన చెట్లేవి? మీ వాళ్ళ సమాధులెక్కడ?"

మా వకీలు వెనక్కి తిరిగి మా వంక చూశాడు. చూపించడానికి ఒక్కటీ లేదు. దొరలు వెళ్ళిపోయి జెండా ఎగిరిన దేశంలో, చెప్పినమాట విన్నందుకు మేము నిన్న మొన్న వచ్చినవాళ్ళమయ్యాం. ఈ పంట కోసుకుని ఖాళీ చేయమని తీర్పు వచ్చింది.

కోతలు కాకముందే తోయా జ్వరంతో పోయాడు. వాకిట్లో జనం చేరారు. లారీ సంగతి ఎవరో ఎత్తగానే అతని భార్య జుమ్వా లేచింది.

"లారీ వద్దు, గీరీ వద్దు. ఆయన ఇక్కడే ఉంటాడు."

తోయా చిన్నాన్న ఫోండో, మా అందరిలోకీ పెద్ద, కర్ర నేలకేసి కొట్టాడు. "మతుండే మాట్లాడుతున్నావా? వాళ్ళ నాన్న పక్కన చోటుంటే, ఇక్కడ దిక్కులేనివాడిలా పడేస్తావా?"

"అక్కడ ఆయన హాయిగానే ఉంటాడు మామా. నా పిల్లలెక్కడుండాలో చెప్పు."

ఉప్పుమళ్ళలో కూలికెళ్ళే చెంగో గొణిగాడు. "మళ్ళీ గొడవా వదినా? పనుల్లోంచి తీసేస్తారు. కోర్టుకి తిరిగాం, ఆఫీసులకి తిరిగాం. కాళ్ళరిగిపోయాయి."

"అరిగాయి కదా? అందుకే ఇంకెక్కడికీ పోవద్దంటున్నా."

ఆవేశమేమీ లేదు మాలో, అలసట ఉంది. ఆ అలసటతోనే ఒక్కొక్కరం లేచి పారలు తెచ్చాం. ఫోండో తాత మాత్రం వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. పట్టపగలు, డప్పులు కొట్టి, తోయాను ఇంటి ముందే పూడ్చాం. తలవైపు కొబ్బరి మొక్క నాటాం.

వారం తిరక్కుండానే జెఫ్వా, ఇప్పుడు కంపెనీ మనిషి, పోలీసుల్నీ చెంగోతో సహా ఉప్పుమళ్ళ కూలీల్నీ వెంటబెట్టుకొచ్చాడు. శవాన్ని తవ్వి తీయమని ఇన్‌స్పెక్టర్ చేతిలో ఆర్డరు ఉంది.

"ఎవరు పూడ్చారు?"

"నా మొగుణ్ణి ఇంకెవరు పూడుస్తారు? నేనే" అంది జుమ్వా. బేడీలు వేసి ఆమెను పోలీసు లారీ ఎక్కించారు.

జెఫ్వా చెంగో చేతికి పార ఇచ్చాడు. చెంగో దాన్ని కింద పెట్టాడు. "ఈ పనికి నేను కుదర్లేదయ్యా. నువ్వే తవ్వుకో." మిగతా కూలీలూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. జెఫ్వా సమాధి వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. సొంత జాతివాడి శవాన్ని కదిలించడానికి వాడికీ గుండె చాల్లేదు.

అప్పుడు ఫోండో తాత పార భుజాన వేసుకుని వచ్చాడు.

"హమ్మయ్య, పెద్దాయనకైనా బుద్ధుంది" అన్నాడు జెఫ్వా.

తాత తోయా పక్కన, ఎండిన నేలలో పార దించాడు.

"అక్కడ కాదు తాతా, ఇదిగో ఇక్కడ!"

"నాకు కళ్ళున్నాయిలేరా. అది వాడిది. ఇది నాది."

"ఏమిటిది?" ఇన్‌స్పెక్టర్ గద్దించాడు.

"జడ్జిగారు సమాధులు అడిగారంట కదా బాబూ. వయసైపోయింది. నా వంతు నేను సిద్ధం చేసుకుంటున్నా."

మెట్ట ఊళ్ళో తన అన్న పక్కన తన కోసం ఉంచుకున్న చోటు గురించి ఆయన మా కుర్రతనం నుంచీ మాకు చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు దాన్ని వదులుకుని ఇక్కడ తవ్వుకుంటున్నాడు.

లారీ మీంచి జుమ్వా అరిచింది. "మామా! మరీ అంత దగ్గరగా తవ్వకు. ఆయన గురక పెడతాడు!"

ఎన్నాళ్ళకో నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం. చెంగో తన పార తీసుకుని తాత పక్కన జాగా కొలుచుకున్నాడు. వాడి పక్కన వాడి తల్లి నిలబడింది. ఆమె పక్కన నేను. ఇన్‌స్పెక్టర్ ఆర్డరు కాగితం తిప్పి చూసుకున్నాడు. అందులో తోయా ఒక్కడి పేరే ఉంది.

తవ్వేవాళ్ళు లేక సమాధిని అలాగే వదిలేసి, పోలీసు లారీ జుమ్వాను తీసుకుని కదిలింది. ఇవాళ్టికీ ఆమెను వదల్లేదు. ఆ పూట మేమెవరం లారీ వెంట పరుగెత్తలేదు, బతిమాలలేదు. పొద్దు వాలేలోగా ప్రతి ఇంటి ముందూ గొయ్యి తవ్వాలి.